తొలి భారతీయ నౌకాదళాధిపతి – రామదాస్ కటారి

నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలలో నీరు అంటే చెరువు, కుంట, మోటబావి. వాన సకాలంలో కురిస్తే జొన్న, ఆముదం, కురవకపోతే వలస. కృష్ణానది మహబూబ్‌నగర్ పడమటి అంచున తెలుగునేలపై అడుగుపెట్టి, నల్లగొండ దక్షిణపుటంచును ఒరసుకొంటూ సాగి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది పోయి కలిసే ఆ సముద్రాన్ని కంటితో చూచినవారు ఒకప్పుడు ఈ పల్లెలలో బహు తక్కువ. బొంబాయికి కూలికి పోయివచ్చిన పాలమూరు జనమే వారిలో ఎక్కువమంది అయి ఉంటారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడింది. మహబూబ్‌నగర్ జిల్లాలో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు హైదరాబాదు రాష్ట్రానికి చివరి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఒక్కరోజుతో మెట్టసీమల ప్రజలు దాదాపు వెయ్యి కిలోమీటర్ల సముద్రతీరం గల రాష్ట్రానికి పౌరులయ్యారు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వారి రేవులయ్యాయి. సరిగా ఆ రోజులలోనే, మూడువేల మైళ్లకు పైగా దూరాన, ఈజిప్టులోని సూయజ్ కాలువ వద్ద పెద్ద యుద్ధం చెలరేగింది. అక్టోబరు 29న ఇజ్రాయెల్ సేనలు సినాయ్ ఎడారిలోకి చొచ్చుకొనిపోయాయి. 31న బ్రిటిష్, ఫ్రెంచి విమానాలు ఈజిప్టుపై బాంబులు కురిపించాయి.

ఆ యుద్ధం మొదలైననాటికి సముద్రంపై భారత యుద్ధనౌకల సముదాయానికి నాయకత్వం వహిస్తున్నవాడు ఒక తెలుగువాడు. ఆ బాధ్యతను స్వీకరించి ఆయనకు నెలరోజులైనా నిండలేదు. ఆ పదవిని అలంకరించిన తొలి భారతీయుడు కూడా ఆయనే. ఆయన పేరు రామదాస్ కటారి.

కటారి 1911 అక్టోబరు 8న మద్రాసుకు చేరువలోని చెంగల్పట్టులో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆయనకు మూడేళ్లు నిండడానికి కొద్దిరోజుల ముందు, 1914 సెప్టెంబరు 22 రాత్రి, ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవు ముందుకు వచ్చి చమురు ట్యాంకులపై గుండ్లు కురిపించి వెళ్లిపోయింది. నగరం ఉలిక్కిపడింది. ఎంతోమంది పట్టణాన్ని విడిచి పల్లెలకు తరలిపోయారు. ఐరోపాలో రాజులు ప్రకటించుకొన్న యుద్ధానికీ, మద్రాసు ప్రజలకూ ఏ సంబంధమూ లేదు. అయినా గుండ్లు వచ్చి పడ్డాయి. పరాధీనమైన దేశానికి యుద్ధంలో చేరాలా, దూరంగా నిలవాలా అని నిర్ణయించుకొనే హక్కు ఉండదు. ఈ సంగతి కటారి జీవితంలో మరొకసారి, మరింత స్పష్టంగా రుజువైంది.

ఆ కాలంలో నౌకాధికారి కావాలని భారతీయ బాలుడు కోరుకోవడమే ఒక వింత. ఓడలలో బొగ్గు వేయడానికి, త్రాళ్లు లాగడానికి, వంట చేయడానికి మనవారు పనికివచ్చారుగాని, ఓడను నడిపే అధికారం తెల్లవారిది. ఎన్నో విజ్ఞప్తుల ఫలితంగా 1927లో బొంబాయిలో డఫరిన్ అనే పాత ఓడను శిక్షణనౌకగా మార్చారు. వాణిజ్యనౌకలకు భారతీయులైన అధికారులను తయారుచేయడం దాని ఉద్దేశం. ఆ నౌకలో అడుగిడిన మొదటి జట్టు విద్యార్థులలో కటారి ఒకరు. అప్పటికి ఆయన వయస్సు పదహారేళ్లు. శిక్షణ ముగిసిన తరువాత ఆయన కలకత్తా చేరి హుగ్లీ నదిపై కొలువులో కుదిరారు. హుగ్లీ సామాన్యమైన నది కాదు. దాని ఇసుకమేటలు నేడున్నచోట రేపుండవు; లోతు ఎంత ఉందో అనునిత్యం కొలుస్తూ ఉంటే తప్ప పెద్ద ఓడలు కలకత్తా చేరలేవు. నీటి స్వభావాన్ని ఓర్పుతో పరిశీలించడం కటారి అక్కడ అభ్యసించారు.

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించింది. అదేరోజున వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. కేంద్ర శాసనసభను గాని, జాతీయ నాయకులను గాని సంప్రదించలేదు. దానికి నిరసనగా రాష్ట్రాలలోని కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. కాని రేవులలోని ఓడలకు రాజీనామా అవకాశం లేదు. నాడు రాయల్ ఇండియన్ నేవీ అని పిలువబడిన మన నౌకాదళం ఏవో కొద్ది చిన్న నౌకల సమూహం. అనుభవజ్ఞులైన నావికులకోసం వెదుకులాట మొదలయింది. ఆ సందర్భంలోనే కటారి స్వచ్ఛంద రిజర్వుదళంలో అధికారిగా చేరారు. యుద్ధం లేనట్లయితే ఆయన వంటివారికి ఆ తలుపులు అంత సులభంగా తెరుచుకొని ఉండేవి కావు. ఇది చరిత్రలోని ఒక చిత్రమైన మెలిక: తమ ప్రమేయం లేకుండా ప్రకటించిన యుద్ధమే మనవారికి యుద్ధనౌకలను నడిపే విద్యను నేర్పింది.

ఆ విద్యకు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. 1942 ఏప్రిల్ మొదటివారంలో జపాను నౌకాదళం బంగాళాఖాతంలోకి ప్రవేశించి ఇరవైకి పైగా వాణిజ్యనౌకలను ముంచివేసింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి. తీరాన్ని కాపాడుకొనే నౌకాబలం లేని దేశపు దుఃస్థితి ఏమిటో తెలుగువారికి ఆనాడు ప్రత్యక్షంగా తెలిసింది.

ఆ మహాయుద్ధపు మొదటి నెలలలోనే, దక్షిణ అమెరికాలో జరిగిన ఒక సంఘటన ఇక్కడ చెప్పుకోదగినది. 1939 డిసెంబరు 13న ప్లేట్ నదీముఖం వద్ద మూడు బ్రిటిష్ పక్షపు నౌకలు గ్రాఫ్ ష్పే అనే జర్మన్ యుద్ధనౌకతో తలపడ్డాయి. దెబ్బతిన్న జర్మన్ నౌక ఉరుగ్వే రాజధాని మాంటెవిడియో రేవులో తలదాచుకొంది. ఉరుగ్వే చిన్నదేశం, యుద్ధంలో ఏ పక్షమూ వహించలేదు. 1907 నాటి హేగ్ ఒడంబడిక ప్రకారం, పోరాడుతున్న దేశపు నౌక తటస్థదేశపు రేవులో సాధారణంగా ఒకరోజుకు మించి నిలువరాదు. దెబ్బతిన్నది అయితే సముద్రయానానికి అవసరమైన మరమ్మతు మాత్రమే చేసుకోవచ్చు, యుద్ధశక్తిని పెంచుకోరాదు. ఇరుపక్షాలూ ఒత్తిడి తెచ్చినప్పటికీ ఉరుగ్వే డెబ్బైరెండు గంటల గడువిచ్చి, ఆపైన వెళ్లిపొమ్మని కచ్చితంగా చెప్పింది. డిసెంబరు 17న జర్మన్ కెప్టెన్ తన నౌకను రేవు వెలుపల తానే ముంచివేసుకొన్నాడు. తటస్థంగా ఉండడమంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. తన రేవును, తన జలాలను ఎవరి యుద్ధానికీ వాడుకోనీయకుండా కాచుకోవడం. అది పోరాటం కంటె సులభమైన పని ఏమీ కాదు.

నాటి యుద్ధంలో పాల్గొన్న మూడు నౌకలలో ఒకదాని పేరు అకిలీస్. 1948లో స్వతంత్ర భారతం దానిని కొనుగోలు చేసి ఢిల్లీ అని పేరు మార్చింది. సుమారు ఏడువేల టన్నుల ఆ క్రూయిజరే చాలాకాలం మన నౌకాదళానికి ప్రధాననౌక.

స్వాతంత్య్రం వచ్చిన తరువాత కటారి మెట్టుమెట్టుగా పైకి వచ్చారు. యుద్ధకాలంలో రిజర్వు అధికారిగా చేరిన ఆయన శాశ్వత నౌకాదళంలో ఉన్నత బాధ్యతలు నిర్వహించారు. అయినా నౌకాదళాధిపతి పీఠంపై మాత్రం బ్రిటిష్ అధికారులే కొనసాగారు. సైన్యానికి 1949లో కరియప్ప, వాయుసేనకు 1954లో సుబ్రతో ముఖర్జీ తొలి భారతీయ అధిపతులయ్యారు. నౌకాదళం వంతు ఇంకా రాలేదు. ఇందులో కేవలం బ్రిటిష్‌వారి కుటిలత్వాన్ని చూడడం తొందరపాటు. నౌకాసముదాయాన్ని నడపగల సేనానిని తయారుచేయడానికి పాతికేళ్లు పడుతుంది. భారతీయులను అధికారులుగా చేర్చుకోవడమే 1920ల చివరలో ప్రారంభమైనప్పుడు, ఫలం ఆలస్యం కాక తప్పదు. విత్తనం వేయడంలో చేసిన జాప్యం కోతలో బయటపడింది.

1956 జులై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేశాడు. 1869లో తెరచిన ఆ కాలువ మధ్యధరాసముద్రాన్నీ, ఎర్రసముద్రాన్నీ కలుపుతుంది. బొంబాయినుండి ఐరోపా వెళ్లే ఓడలకు అదే దగ్గరిదారి. అది మూతపడితే ఆఫ్రికా ఖండాన్ని చుట్టి వేలమైళ్లు అదనంగా ప్రయాణించాలి. అప్పుడే మన రెండవ పంచవర్ష ప్రణాళిక ప్రారంభమయింది. ఉక్కు కర్మాగారాలకు కావలసిన యంత్రాలెన్నో ఐరోపానుండి ఆ దారినే రావలసినవి. నల్లగొండ జిల్లాలోని నందికొండ వద్ద 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరం ప్రధానంగా రాతికట్టడం. యంత్రాలకన్న వేలాది కూలీల చేతులపైన, తలలపైన అది ఎదిగింది. కాని దేశంలోని ప్రాజెక్టులన్నీ అట్టివి కావు. కనుక సూయజ్ తగాదా మనకు దూరపు వార్త కాదు. శాంతియుత పరిష్కారంకోసం భారత ప్రభుత్వం లండన్‌లోనూ, ఐక్యరాజ్యసమితిలోనూ ఎంతో కృషి చేసింది.

అక్టోబరు 2న రియర్ అడ్మిరల్ కటారి భారత నౌకాసముదాయపు ఆధిపత్యం స్వీకరించారు. దాదాపు నాలుగు వారాలకు యుద్ధం వచ్చింది. ఇక్కడే ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడింది. దాడి చేసిన దేశాలలో ఒకటి బ్రిటన్. దాడికి గురియైనది మనకు మిత్రదేశమైన ఈజిప్టు. భారత ప్రభుత్వం ఆ దురాక్రమణను నిర్ద్వంద్వంగా ఖండించింది. కాని ఢిల్లీలోని నౌకాదళ ప్రధానకార్యాలయంలో అధిపతిగా ఉన్నవాడు బ్రిటిష్ వైస్ అడ్మిరల్ స్టీఫెన్ కార్లిల్. మన అధికారులలో పెక్కుమంది ఉన్నతశిక్షణ పొందినది బ్రిటన్‌లోనే. ట్రింకోమలి వద్ద కామన్వెల్త్ నౌకాదళాలతో కలిసి మన నౌకలు విన్యాసాలు చేసేవి. మనం కొన్న నైజీరియా అనే క్రూయిజరు, తరువాత మైసూర్ అని పేరుపొందినది, ఆనాడు బ్రిటిష్ నౌకాకర్మాగారంలోనే మరమ్మతు పొందుతున్నది. మనకోసం కొత్త ఫ్రిగేట్లు నిర్మాణమవుతున్నది కూడా అక్కడే. యుద్ధనౌకలోని తుపాకీ గుండునుండి యంత్రభాగం వరకు ఏది చెడినా చేయిచాపవలసినది, మనం ఖండిస్తున్న ఆ దేశంవైపే.

ఇందులో కార్లిల్‌ను నిందించవలసినదేమీ లేదు. ఇది ఒక వ్యక్తి విశ్వసనీయతకు సంబంధించిన ప్రశ్న కాదు, ఒక ఏర్పాటుకు సంబంధించినది. ఏ దేశపు విధానాన్ని మనం కాదంటున్నామో ఆ దేశపు అధికారి మన నౌకాదళానికి అధిపతిగా ఉన్నప్పుడు, మన స్వతంత్రనిర్ణయం ఎంతవరకు స్వతంత్రమైనది? నెహ్రూ అలీనవిధానాన్ని తటస్థతగా భావించడాన్ని అంగీకరించలేదు. ఏ కూటమిలోనూ చేరకపోవడం వేరు, న్యాయాన్యాయాలపై మౌనం వహించడం వేరు. భారతదేశం సూయజ్ విషయంలో మౌనం వహించలేదు; యుద్ధంలోకి దిగనూలేదు. మన యుద్ధనౌకలు ఏ పక్షానా పోరాడలేదు. 1939లో ఒక వైస్రాయి సంతకంతో యుద్ధంలోకి ఈడ్వబడిన నౌకాదళం, 1956లో తన ప్రజలు ఎన్నుకొన్న ప్రభుత్వం నిర్ణయం మేరకు యుద్ధానికి దూరంగా నిలిచింది. మొదటి సందర్భంలో కొత్తగా చేరిన రిజర్వు అధికారి, రెండవ సందర్భంలో నౌకాసముదాయపు నాయకుడు ఒకే వ్యక్తి కావడం గమనింపదగిన విషయం.

ఒక వింత సంగతి కూడా ఉంది. ప్లేట్ నదీ యుద్ధంపై బ్రిటిష్‌వారు తీసిన చలనచిత్రంలో అకిలీస్ పాత్రను మన ఢిల్లీ నౌకయే పోషించింది. లండన్‌లో రాణి సమక్షంలో ఆ చిత్రాన్ని ప్రదర్శించిన రోజు 1956 అక్టోబరు 29. తెరమీద పాత విజయం మెరుస్తున్న ఆ రోజుననే సినాయ్‌లో కొత్త యుద్ధం మొదలయింది.

యుద్ధం ఎక్కువ రోజులు సాగలేదు. అమెరికా, సోవియట్ యూనియన్‌ల ఒత్తిడికి, ప్రపంచాభిప్రాయానికి తలవంచి నవంబరు 6న బ్రిటన్, ఫ్రాన్స్ కాల్పుల విరమణకు అంగీకరించాయి. ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో భారత సైనికులు ఈజిప్టుకు వెళ్లారు. కాలువలో ముంచివేసిన ఓడలను తొలగించి మార్గాన్ని తిరిగి తెరచేసరికి 1957 ఏప్రిల్ వచ్చింది. అయినా మన పరాధీనత అంత త్వరగా తొలగేది కాదు. 1957 జనవరిలో, సూయజ్ గాయం పచ్చిగా ఉండగానే, భారతదేశం అసంపూర్ణంగా ఉన్న హెర్క్యులీస్ అనే విమానవాహక నౌకను బ్రిటన్ వద్దనే కొన్నది. కొనక తప్పదు, మరెక్కడా దొరకదు. దీనిని అవకాశవాదమని విమర్శించేవారు నాటి మన నౌకానిర్మాణశాలల స్థితిని తెలియనివారు.

1958 ఏప్రిల్ 22న కార్లిల్ పదవినుండి తప్పుకొన్నాడు. వైస్ అడ్మిరల్ కటారి భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. అప్పటికి స్వాతంత్య్రం వచ్చి పదేళ్లు దాటింది.

ఆయన అధిపత్యకాలం నాలుగు సంవత్సరాలు. బ్రిటన్‌లో నిర్మించిన ఫ్రిగేట్లు ఒక్కొక్కటిగా స్వదేశానికి చేరాయి. హెర్క్యులీస్ నిర్మాణం బెల్‌ఫాస్ట్‌లో పూర్తయి, 1961 మార్చి 4న విక్రాంత్ పేరుతో నౌకాదళంలో చేరింది. ఆ నవంబరులో అది బొంబాయి చేరుకొంది. ఇంతకన్న తక్కువ ఆర్భాటంగా జరిగిన మరొక పని, నా దృష్టికి అన్నట్లు కాక చరిత్ర దృష్టికే, ఎక్కువ విలువైనది. 1960లో బొంబాయిలోని మజగాం డాక్, కలకత్తాలోని గార్డెన్‌రీచ్ నౌకానిర్మాణశాలలను ప్రభుత్వం స్వాధీనం చేసుకొంది. విశాఖపట్నంలో దర్శక్ అనే సర్వేనౌక 1959లోనే జలప్రవేశం చేసింది. సముద్రగర్భపు లోతులను కొలిచే నౌక అది. హుగ్లీపై జీవితాన్ని ప్రారంభించిన కటారికి దాని అవసరాన్ని ఎవరూ వివరించవలసిన పని లేదు. మజగాంలో నిర్మించిన తొలి ఫ్రిగేటు నీలగిరి నౌకాదళంలో చేరడానికి 1972 వరకు ఆగవలసివచ్చింది.

1961 డిసెంబరులో గోవా విముక్తికై భారత సేనలు కదిలాయి. నాలుగున్నర శతాబ్దాల పోర్చుగీసు పాలన 19వ తేదీ సాయంత్రానికి ముగిసింది. బేత్వా, బియాస్ నౌకలు మార్మగోవా రేవులో అల్బుకర్క్ అనే పోర్చుగీసు యుద్ధనౌకను నిర్వీర్యం చేశాయి. అంజిదీవ్ దీవిలో దిగిన నావికులపై శత్రువులు కాల్పులు జరిపారు. అక్కడ ఏడుగురు భారత నావికులు ప్రాణాలు కోల్పోయారు. స్వల్పకాలంలో ముగిసిన విజయంగా గోవాను చెప్పుకొనేటప్పుడు ఈ ఏడుగురిని మరచిపోవడం పరిపాటి అయింది. కటారి నాయకత్వంలో నౌకాదళం ఎదుర్కొన్న తొలి యుద్ధపరీక్ష అదే. ఈసారి పోరాడాలన్న నిర్ణయమూ మనదే, నౌకలకు ఆజ్ఞ ఇచ్చిన అధిపతీ మనవాడే.

1962 జూన్‌లో కటారి పదవీవిరమణ చేశారు. వైస్ అడ్మిరల్ సోమన్ ఆయన స్థానంలోకి వచ్చారు. తరువాత కొంతకాలం కటారి ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షులుగా పనిచేశారు. మహాసముద్రాలపై నౌకలను నడిపినవాడు దేవరకొండకు, నాగర్‌కర్నూలుకు పోయే బస్సుల బాగోగులు చూడవలసి రావడం కొందరికి చిన్నతనంగా తోచవచ్చు. రైలుదారి లేని ఆ మెట్టపల్లెలకు బస్సే ఓడ, బస్టాండే రేవు అని తెలిసినవారికి అట్లా తోచదు.

1964లో భారత ప్రభుత్వం ఆయనను బర్మాకు రాయబారిగా పంపింది. బర్మా కూడా అగ్రరాజ్యాల కూటములకు దూరంగా నిలిచిన దేశమే. పొరుగున వియత్నాంలో యుద్ధం ముదురుతున్నా అది ఏ పక్షమూ వహించలేదు. కాని అక్కడి సైనికప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేయడంతో లక్షలాది భారతీయులు జీవనాధారం కోల్పోయారు. తరతరాలుగా రంగూన్ రేవులో, ధాన్యపు మిల్లులలో పనిచేసిన తెలుగువారెందరో ఓడలెక్కి తిరిగివచ్చారు. ఆ కష్టకాలంలో, 1969 వరకు, కటారి రంగూన్‌లో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించారు. 1967లో రెండు దేశాల మధ్య సరిహద్దు ఒప్పందం కుదిరింది ఆయన రాయబారిగా ఉన్న కాలంలోనే.

ఢిల్లీ నౌక 1978లో విశ్రాంతి పొందింది. దాని ఫిరంగిగోపురం ఒకదానిని, ఒకనాడు ఆ నౌకను నడిపిన నావికుల దేశమైన న్యూజిలాండుకు భారతదేశం కానుకగా పంపింది. నాలుగేళ్ల తరువాత, 1982లో, కటారి తన జ్ఞాపకాలను ఎ సెయిలర్ రిమెంబర్స్ అనే గ్రంథంగా వెలువరించారు. మరుసటి సంవత్సరం జనవరి 21న, సముద్రానికి ఎంతో దూరాన ఉన్న సికింద్రాబాదులో ఆయన కన్నుమూశారు.